అక్క వేలు, నా సంతకం

మా అక్కని వీధిలో అందరూ టేపక్క అంటారు. మెడలో కొలత టేపు లేకుండా ఆమెని చూసినవాళ్లు తక్కువ. ఓసారి బ్యాంకులో ఫొటో దిగడానికి అలాగే వెళ్లిపోతే, "అది తీసి రండమ్మా" అని తిప్పి పంపారట. ఇంటికొచ్చి తనే పడీపడీ నవ్వుతూ చెప్పింది.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. ఇప్పుడు యాభై రెండు. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే, "కొలత కుదర్లేదు" అనేసి మిషను తొక్కడం మొదలుపెడుతుంది. ఇంకో ప్రశ్న వెయ్యడానికి ఎదుటివాళ్లకి సందు దొరకదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ ఒక్క గదిలోనే దుకాణం. చొక్కాలు, స్కూలు యూనిఫారాలు, కోట్లు కుడుతుంది. మామూలు కుట్టు ఎవరైనా కుడతారు, కాలరు కూర్చోబెట్టాలంటే మాత్రం టేపక్కే అనేవాళ్లు. ఊరవతల టైలర్లు కూడా సగం కుట్టిన కోట్లు సంచిలో వేసుకొచ్చి ఇచ్చి వెళ్లేవాళ్లు.

ఆ పనంతా ఎడమచేతి చూపుడువేలితోనే. సూది పడే చోటికి వెంట్రుకవాసి దూరంలో ఆ వేలి కొస ఆనించి, కింద ఎన్ని పొరలున్నాయో, ఏ పొర జారుతోందో తడిమి తెలుసుకునేది. చొక్కాకి చెయ్యి అతికేటప్పుడు ఆ వేలితోనే గుడ్డని కొంచెం కొంచెంగా లోపలికి తోసేది. కళ్లు గుమ్మంలో ఉన్నవాళ్లతో కబుర్లాడుతుంటే వేలు తన పని తను చేసుకుపోయేది.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలకి దుకాణం షట్టరు సగంలో బిగుసుకుపోయింది. కింద గడప మీద ఎడమచెయ్యి ఆనించి, వంగి కుడిచేత్తో పైకి నెట్టబోయింది. పైన స్ప్రింగు తెగి, షట్టరు మొత్తం ఆ వేలి మీద పడింది. పక్కనున్న జిరాక్స్ షాపాయన పరుగెత్తుకొచ్చి పైకెత్తాడు. అక్క వేలికి లైనింగు గుడ్డ చుట్టుకుని, ఆయన పిలిచిన ఆటోలో తనే ఎక్కి కూర్చుంది. దార్లో నాకు ఫోన్ చేసింది. "వేలు నలిగిందిరా. కంగారు పడకుండా ఆసుపత్రికి రా." అంతే.

నేను కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగిని. చేతిలో యంత్రం చేతిలోనే ఉంది, అలాగే వెళ్లిపోయాను. నేను వెళ్లేసరికి అక్క ఎమర్జెన్సీ వార్డులో మంచం మీద కూర్చుని ఉంది. పడుకోమంటే పడుకోలేదట. మొహం పాలిపోయింది కానీ మాట స్పష్టంగా ఉంది. ఇంకా మత్తు మందు ఏదీ ఇవ్వలేదు. ఈ సంగతి మర్చిపోవద్దు. తర్వాత దీని గురించే చాలా గొడవైంది.

డ్యూటీ డాక్టరు కుర్రాడు. చెప్పుల మీద ఎవరిదో రక్తం ఎండిపోయి ఉంది. పొద్దున్నించి నిలబడే ఉన్నాడని చూస్తేనే తెలుస్తోంది. అవతలి తెర వెనక రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్లు ముగ్గురున్నారు. అతన్ని నేను చెడ్డవాడనను. అతను గుడ్డ విప్పి చూశాడు, మళ్లీ కప్పాడు, నా వైపు తిరిగాడు.

"మీరు ఈవిడకేమవుతారు?"

"తమ్ముణ్ణండి."

"అయితే వినండి. వేలి కొస నలిగిపోయింది, ఎముక ముక్కలైంది. ఆ కొస తీసేసి కుట్టేయొచ్చు. లేదంటే పక్క వేలి మీది చర్మం తెచ్చి అతికి, లోపల తీగ పెట్టి, వేలు నిలబెట్టడానికి చూడొచ్చు. వీలైనంతవరకు వేలు నిలబెట్టాలనే చూస్తాం. ఏం చేద్దామంటారు?"

అడిగింది నన్ను. అక్క నాకు జానెడు దూరంలో కూర్చుని ఉంది.

"డాక్టరుగారూ, వేలు నాది" అంది అక్క.

"మీరు కంగారు పడకండమ్మా. మీవాళ్లతో మాట్లాడుతున్నాంగా."

"కంగారేం లేదు. కొస తీసేస్తే ఎన్నాళ్లకి మిషనెక్కొచ్చు? నిలబెడితే వేలు వంగుతుందా? అది చెప్పండి చాలు."

"అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు వేలు దక్కనివ్వండి" అని అతను కాగితం నా చేతికిచ్చాడు. నర్సు అక్క కుడిచేతికి బీపీ పట్టీ చుడుతూ, "కదలకండమ్మా, మాట్లాడితే ఎక్కువ చూపిస్తుంది" అంది.

నాకేం తోచలేదు. గుడ్డ విప్పినప్పుడు నేనూ చూశాను. చిన్నప్పుడు నేను వీధి దాటింది ఆ వేలు పట్టుకునే. అది పొట్టిదవడం ఊహించుకోలేకపోయాను. "ఏమైనా చెయ్యండి సార్, వేలు మాత్రం పోకూడదు" అన్నాను. రోగి బంధువు అని అచ్చువేసి ఉన్నచోట సంతకం పెట్టాను. రోగి సంతకానికి కూడా పైన ఒక గీత ఉంది. అక్కతో పెట్టించకుండా దాని పక్కన డాక్టరు "చేతికి గాయం" అని రాసుకున్నాడు. గాయం ఎడమచేతికి. అక్క రాసేది కుడిచేత్తో.

తొందర, తొందర అన్నారు. తీరా ఎక్స్‌రే గది బయట నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది.

ఆ నలభై నిమిషాల్లో అక్క నాతో అంది, "ఒరేయ్, మా వీధి చివర వడ్రంగికి రంపం తగిలి ఇదే వేలి కొస పోయింది. తీసేసి కుట్టారు. నెల తిరక్కుండా చిత్రిక పట్టాడు. వెళ్లి ఆ డాక్టర్ని పిలుచుకురా. నాకూ అలాగే చెయ్యమను. కనీసం వచ్చి నేనడిగినదానికి జవాబు చెప్పమను."

"అక్కా, నువ్వు కంగారులో ఉన్నావు" అన్నాను. డాక్టరు మాట అప్పుడే నా నోట్లోకి వచ్చేసింది.

"కంగారు నాది కాదు, నీది. వెళ్లు."

లేచి వెళ్లాను. వార్డు తలుపు దాకా వెళ్లాను. లోపల అతను తెర వెనక ఎవరి మీదో వంగి ఉన్నాడు. ఒక నిమిషం నిలబడి, వెనక్కి వచ్చి, "పనిలో ఉన్నాడక్కా, తర్వాత వస్తానన్నాడు" అని చెప్పాను. అతను ఏమీ అనలేదు. అసలు నేను అడగనేలేదు. కాసేపటికి నొప్పి ఇంజెక్షను ఇచ్చారు. అక్క మాట ముద్దగా అయింది. థియేటరులోకి తీసుకెళ్తుంటే ఏదో అంటోంది, నాకు వినపడలేదు.

ఆపరేషను బాగా జరిగిందన్నారు. మూడు వారాలు చూపుడువేలు, మధ్యవేలు కలిపి కుట్టి ఉంచారు. తర్వాత విడదీశారు, తీగ లాగేశారు. రబ్బరు బంతి పిసకమన్నారు, వేడి మైనంలో ముంచమన్నారు. అక్క అన్నీ చేసింది. గోడకి కాగితం అంటించి, పిసికిన ప్రతిసారీ గీత పెట్టుకుంది. నాలుగు నెలలకి వేలు పొడుగ్గా, నిండుగా, చక్కగా ఉంది. వంగదు. కొసలో స్పర్శ లేదు, చల్లటి నీళ్లు తగిలితే మాత్రం సూదులతో పొడిచినట్టు ఉంటుందట. గోరు వంకరగా మొలిచి గుడ్డ దారాల్ని పట్టేస్తుంది. చర్మం ఇచ్చిన మధ్యవేలు కూడా కొంచెం బిగిసింది.

మిషను ముందు కూర్చుంటే ఆ వేలు కర్రలా ముందుకి పొడుచుకొచ్చి సూదికి అడ్డం పడుతుంది. మడిచి పెడదామంటే మడవదు. మొదటిరోజు ఒక స్కూలు చొక్కాకి కాలరు మూడుసార్లు విప్పింది. నాలుగోసారి కత్తెరతో ఆ కాలరు నిలువునా కత్తిరించి పారేసింది. అక్క గుడ్డ పాడుచెయ్యడం అప్పుడే చూశాను. మా ఆవిడ, "పోనీలెండి వదినా, వేలు దక్కింది కదా" అంది. అక్క నా వైపు తిరిగింది.

"నీకు చూడ్డానికి బాగుండాలి. నాకు కుట్టడానికి బాగుండాలి. ఆ తేడా చెప్పనిచ్చారా నన్ను? గుడ్డ మీద కత్తెర పెట్టేముందు పదిసార్లు అడుగుతాన్రా నేను. జేబు ఎటు, రాసేది ఏ చెయ్యి, వదులుండాలా వద్దా అని. నా వేలిమీద కత్తి పెట్టేముందు నన్నొక్కమాట అడగలేదు."

"నీ మంచికే కదక్కా..."

"ఆ మాటింకోసారి అనకు."

మళ్లీ చూపించడానికి వెళ్తే ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి మురిసిపోయాడు. బ్రహ్మాండంగా అతుక్కుందన్నాడు. "వంగట్లేదు" అంది అక్క. "కొస దక్కింది కదమ్మా, చాలామందికి ఇదీ దక్కదు" అన్నాడు. "నాకు అక్కర్లేదు, తీసెయ్యండి" అంది. ఆయన పిచ్చిమాట విన్నట్టు నవ్వి, నా వైపు చూసి, "మీరు కొంచెం నచ్చజెప్పండి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మీదా, నా మీదా కూడా. అయినా తల ఊపి, ఎక్స్‌రే కవరు తీసుకుని లేచాను.

అర్జీలు రాయడం అక్క అప్పుడే మొదలుపెట్టింది. ఆసుపత్రి పెద్దకి ఒక అర్జీ పెట్టింది. నెలన్నరకి జవాబు వచ్చింది. చికిత్స వైద్యపరంగా సక్రమంగా జరిగిందట. అత్యవసర పరిస్థితిలో, రోగి నొప్పితోను, మందుల ప్రభావంతోను ఉన్నందున, దగ్గరి బంధువు అంగీకారం తీసుకున్నారట. కాపీ జతచేశారు. కాగితం కింద నా సంతకం నున్నగా, ఏ వణుకూ లేకుండా ఉంది.

"మందు ఎప్పుడిచ్చారు?" అంది అక్క.

"సంతకం అయిన గంటకి."

"మరి ఇదేంటి?"

నేను కాగితం మడిచి మళ్లీ కవర్లో పెట్టాను.

తొమ్మిదో నెలలో ఎవరో చెబితే ఇంకో ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ ఒక లేడీ డాక్టరు. కుర్చీ అక్క ఎదురుగా లాక్కుని కూర్చుని మొట్టమొదట అడిగింది, "ఏం పని చేస్తారు మీరు?" అక్క సంచిలోంచి ఒక చొక్కా తీసి, కాలరు దగ్గర వేలు ఎలా ఉండాలో, ఇప్పుడెలా అడ్డొస్తోందో చూపించింది. ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నది. నేనేదో చెప్పబోతే, "ఆవిణ్ణి చెప్పనివ్వండి" అంది.

అంతా విన్నాక నిజం చెప్పింది. ఇప్పుడు కొస తీసేయొచ్చు, కానీ ఆ సూదుల నొప్పి పోతుందన్న హామీ లేదు, పెరగొచ్చు కూడా. మధ్యకణుపు ఎలాగూ బిగిసిపోయింది, పొట్టిదైనా వంగదు. "ఆ రోజే కొస తీసేసి ఉంటే?" అంది అక్క. ఆవిడ అక్క వేలు మరోసారి పట్టి చూసి, "మీ పనికి బహుశా అదే నయంగా ఉండేది. ఆ సంగతి మీకే బాగా తెలుసు" అంది. వారం ఆలోచించుకుని చెప్పమంది.

అక్క వారం ఆగలేదు. అక్కడే కూర్చుని ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి, అన్నిటికీ జవాబు విని, "అయితే వద్దు" అంది. మెట్లు దిగాక గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవట్లేదు, పళ్లు బిగబట్టింది.

"అడిగి చెప్పడానికి ఆవిడకి పావుగంట పట్టింది. చూశావా? పావుగంట. ఆ రోజు నలభై నిమిషాలు గోడ చూస్తూ కూర్చున్నాం."

అప్పుడు చెప్పేశాను. ఆ రోజు నేను డాక్టర్ని అడగనే లేదనీ, తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాననీ. అక్క సంచి భుజానికి తగిలించుకుని నడక మొదలుపెట్టింది. తిట్టలేదు. బస్సులో నా పక్కన కూర్చోలేదు.

పన్నెండు రోజులు మాట్లాడలేదు. పదమూడో రోజు తనే పిలిపించింది. దుకాణంలో ఇప్పుడు కర్టెన్లు, దుప్పట్ల అంచులు, ప్యాంట్ల పొడవు తగ్గించడాలు. కోట్లు తెచ్చేవాళ్లు మానేశారు.

"కూర్చో. నీ దస్తూరీ బాగుంటుంది" అని తెల్లకాగితం నా ముందు పెట్టింది. రెండో అర్జీ. తను చెబుతూంటే నేను రాశాను. ఆ రోజు నాకు స్పృహ ఉంది. ప్రశ్నలు అడిగాను. జవాబు చెప్పలేదు. సంతకం నా తమ్ముడు పెట్టాడు, నేను పెట్టలేదు.

"ఆ తర్వాత రాయి. డాక్టర్ని పిలవమని తమ్ముణ్ణి పంపితే, పిలవకుండా వచ్చి పిలిచానని చెప్పాడు."

కలం ఆగింది. "అక్కా, అది కూడానా?"

"జరిగిందా లేదా?"

రాశాను. అక్క కాగితం తీసుకుని రెండుసార్లు చదివి, కింద కుడిచేత్తో సంతకం పెట్టింది. పోస్టు చేసి ఏడు వారాలైంది. ఇంకా జవాబు రాలేదు.