తుడిచేసిన బొట్లు

కంప్యూటరున్న గదిలోకి జనం చెప్పులు విప్పి వచ్చే ఆ రోజుల్లో, నాకు తెలియని సంగతి లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. తిరుపతిలో, అలిపిరికి పోయే రోడ్డులో ఒక మేడమీద గదిలో నా ఉద్యోగం. ఏ యంత్రాన్ని ఎలా నడపాలో, ఎలా విప్పాలో చెప్పే లావుపాటి పుస్తకాలను ఫ్యాక్టరీల నుంచి తెచ్చి, తెరమీద నొక్కితే తెరుచుకునేట్టు చేసేవాళ్ళం. కుళాయి అన్న మాట మీద నొక్కితే బొమ్మ వస్తుంది, బొమ్మ మీద నొక్కితే దాన్ని విప్పే పద్ధతి వస్తుంది. మా యజమానిని చాటుగా క్లిక్కు సారు అనేవాళ్ళం. (ఆయన ఇంట్లో లైటు స్విచ్చి కూడా రెండుసార్లు నొక్కుతాడని చెప్పుకునేవాళ్ళం.) మా నాయన మాత్రం, "అంతా బాగుండాది గానీ, కరెంటు పోతే ఏం నొక్కుతావురా?" అని ఊరుకున్నాడు.

చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు బాయిలరు పుస్తకం ఇచ్చారు. రిటైరు కాబోతున్న బాయిలరు మేస్త్రీ దాన్ని నా చేతిలో పెడుతూ, "బొట్లు సూసుకోని సదవప్పా" అన్నాడు. ఆయుధ పూజకు పనిముట్లతో పాటు పుస్తకానికీ కుంకుమ పెట్టడం మా వైపు మామూలే కాబట్టి, పెద్దాయన భక్తికి మెచ్చి కళ్ళకద్దుకున్నాను. లోపలి పేజీల్లోనూ అక్కడక్కడా బొట్లున్నాయి. మూడు రోజులు కూర్చుని, స్కాన్ చేసిన ప్రతి పేజీలోనూ ఎరుపు తుడిచి మల్లెపువ్వులా చేశాను. (ఆ పనికి తలంటు అని పేరు కూడా పెట్టుకున్నాను.) క్లిక్కు సారు భుజం తట్టాడు. మేస్త్రీ రిటైరయ్యాడు. ఇక అక్కర్లేదని పాత పుస్తకం మా బీరువాలోనే ఉండిపోయింది.

మామిడి సీజను మొదలవుతూనే ఆ ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఫిట్టరు, సత్యవేడు ఆయన, నా తెర చూసి పని చేశాడు. కింది కుళాయి తిప్పు, నీళ్ళు ఆగాక గొట్టం విప్పు అని ఉంది. తిప్పాడు, చుక్క రాలేదు. ఖాళీ అనుకుని విప్పాడు. నీళ్ళలోని ఉప్పు పేరుకొని గొట్టం ముందే పూడుకుపోయి ఉంది. ఆవిరంతా దాని వెనకే ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది. నేను ఆసుపత్రికి కమలాపండ్లు పట్టుకుపోయాను, ఒలుచుకునే చెయ్యి లేని మనిషికి. అంత తెలివి నాది. ఆయన కోప్పడలేదు. "నీ కంప్యూటర్లో ఉండేట్టే చేసినా గదప్పా. తప్పు నాదే అంటా ఉండారు. పనిలోంచి తీసేస్తారంట. యాడ తప్పు చేసినానో నువ్వన్నా సూసి చెప్పు" అన్నాడు.

బీరువాలోంచి పుస్తకం తీసి చూస్తే ఆ పేజీలో బొట్టుంది. దాన్ని పట్టుకుని చిత్తూరులో మేస్త్రీ ఇంటికి పరిగెత్తాను.

"అది దేవునికి పెట్టింది కాదప్పా" అన్నాడు మేస్త్రీ. "యాడ మనిషికి దెబ్బ తగిలితే ఆ పేజీలో పూజనాడు ఒకటి పెడతా ఉంటిమి. బొట్టు కనపడితే చెయ్యి పెట్టకుండా వచ్చి నన్నడుగుతారు."

పదకొండు బొట్లు. ఒకచోట ఆయన బావమరిది వేలు, ఇంకోచోట పొట్టోడని పిలిచే పనివాడి కన్ను. గొట్టం పేజీ దగ్గర చొక్కా చెయ్యి మడిచి మచ్చ చూపించాడు.

అచ్చులో ఉన్నదే మన బాధ్యత, నోరు మూసుకోమన్నాడు క్లిక్కు సారు. నేను ఫ్యాక్టరీకి పోయి, తుడిచింది నేనని మేనేజరుకు పుస్తకమూ తెరా పక్కపక్కన పెట్టి చూపించాను. సత్యవేడు ఆయన్ను తీసెయ్యకుండా గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆయన కుడి పిడికిలి మళ్ళీ మూతపడలేదు. నా ఉద్యోగం మాత్రం పోయింది. పోయేలోపు పదకొండు బొట్లూ తెరమీద తిరిగి పెట్టి, నొక్కితే మేస్త్రీ చెప్పిన మాట వచ్చేట్టు చేశాను. గొట్టం పేజీలో రెండో బొట్టు కూడా పెట్టి, దాని కింద ఏం రాయమంటావని సత్యవేడు ఆయన్ను అడిగాను.

"నేను తప్పు చెయ్యలేదని రాయప్పా, సాలు" అన్నాడు.

అలాగే రాసి, తప్పు చేసినవాడి పేరు కూడా కింద పెట్టాను, నాది. యంత్రాల పుస్తకంలో అలాంటి వాక్యాలు ఉండవని ఇప్పుడు నాకు తెలుసు. అన్నీ తెలుసనుకున్న ఆ కుర్రవాడి మీద నాకింకా కోపమే గానీ, ఆ వాక్యం టైపు చేస్తూ వాడు అక్షరాలు సరిచూసుకోవడం గుర్తొస్తే కాస్త నవ్వొస్తుంది.