విషయము: లింగమూర్తి

మా లింగమూర్తికి దేవుడు నోరిచ్చింది అన్నం తినడానికి, చాయ్ తాగడానికి మాత్రమే. చెప్పవలసిన మాట ఏదైనా సరే, కాగితం మీద పెట్టి, పైన 'విషయము' అని రాసి, దాని కింద గీత కొట్టి, సంతకం చేసి చేతికిస్తే తప్ప ఆయనకు చెప్పినట్టు ఉండదు. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. పోస్టులో వచ్చింది.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళ సొసైటీ ఒకటి ఉండేది. అందులో ఆయన గుమాస్తా, నేను నూలు పంచేవాణ్ణి. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు పేపర్లో ప్రకటన చూసి, ఇంటి దగ్గర కూర్చునే వ్యాపార ఉత్తరాలు నేర్చుకునే కోర్సులో చేరాడు. కాలేజీ ఢిల్లీలో ఉందట. కాలేజీని ఆయన చూడలేదు, ఆయనను కాలేజీ చూడలేదు. అందుకే ఇద్దరికీ ఒకరంటే ఒకరికి అంత గౌరవం.

పాఠాలు కవర్లలో వచ్చేవి. జవాబులు రాసి పంపిస్తే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపేవారు. ఒకసారి, ఓడలో తెప్పించిన పింగాణీ కప్పులు పగిలి వచ్చాయనుకుని లండన్ కంపెనీకి ఫిర్యాదు రాయమన్నారు. ఓడ మాట దేవుడెరుగు, లింగమూర్తి భద్రకాళి చెరువులో పడవ కూడా ఎక్కినవాడు కాదు. అయినా ఆ కంపెనీని ఎంత మర్యాదగా కడిగిపారేశాడంటే, కాలేజీవాళ్ళు 'చాలా బాగుంది' అని రాశారు. ఆ లేని కప్పులు పగిలినందుకు మాత్రం ఆయన చాలా రోజులు దిగులుగా తిరిగాడు.

అప్పటి నుంచి ఇంట్లో కూడా ఉత్తరాలే. పప్పుచారులో ఉప్పు తక్కువైతే భార్య సరోజనకు, 'విషయము: ఉప్పు కొరత. తగు చర్య నిమిత్తం పంపడమైనది' అని రాసి గిన్నె పక్కన పెట్టేవాడు. దాని నకలు ఒకటి ఆయన అత్తగారికి కూడా వెళ్ళేది. సరోజన అవన్నీ దాచిపెడుతుందని ఆయన మురిసిపోయేవాడు. పొయ్యి అంటించుకోవడానికి దాస్తున్నదని నాకు తెలుసు. కట్టెలు తడిసిన రోజుల్లో, మీవాడు ఈ మధ్య ఏమీ రాయడం లేదేమని నన్నే అడిగేది.

నా సంగతి అంతకన్నా ఘోరం. ఒకనాడు పక్క బల్ల మీంచి లేచివచ్చి నాకొక కాగితం ఇచ్చి, వెళ్ళి బుద్ధిగా కూర్చున్నాడు. 'విషయము: తమ కుర్చీ కింద తేలు. పై విషయమై తమ దృష్టికి తెచ్చునది ఏమనగా' అని మొదలైంది. ఆ తేలు ఏ మూల నుంచి వచ్చినదీ, ఎంతసేపటి నుంచి ఉన్నదీ మొదటి పేరాలో వివరంగా ఉంది. రెండో పేరాకు నేను రాకముందే తేలు నా చెప్పు దాకా వచ్చింది. నేను బల్లెక్కి అరుస్తుంటే, అందినట్టు సంతకం చెయ్యమని కలం చాపాడు.

ఇట్లాంటి మనిషి చేతిలో కట్టయ్య బతుకు పడింది.

కట్టయ్య సొసైటీ వాచ్‌మన్. ఒకప్పుడు మంచి నేతగాడు. మోకాళ్ళు పోయి మగ్గం గుంటలోకి దిగలేక గేటు దగ్గర స్టూలెక్కాడు. గేటు పక్క గదిలోనే భార్య సమ్మమ్మతో కాపురం. ఆ నౌకరీ పోతే గదీ పోతుంది.

మా వాడలో మొగిలమ్మ మనుమడికి పుట్టువెంట్రుకలు తీశారు. పెద్ద దావత్. చుట్టాలు కూర్చోవడానికి చాపలు చాలవని ఆమె వచ్చి అడిగితే, కట్టయ్య గోదాం తీసి సర్కారు హాస్టలు కోసం నేసిన కొత్త జంపఖానాలు ఇచ్చేశాడు. మా వాడలో అది తప్పని ఎవరూ అనుకోరు. ఇక్కడ నేసిన జంపఖానా మీద ముందు వాడవాళ్ళు కూర్చోకపోతేనే తప్పు. తెల్లారి దులిపి, మడతపెట్టి, ఎక్కడివక్కడ పేర్చేశాడు కూడా.

ఆ వారమే హైదరాబాదు నుంచి సరుకు చూడడానికి ఆఫీసరు వచ్చాడు. మా అధ్యక్షుడు కొమురెల్లి గర్వంగా పై జంపఖానా తీసి ఆఫీసరు కాళ్ళ ముందు పరిచాడు. దాని మీద అరచేయంత మాంసం షోర్వా మరక. మడతలోంచి ఒక నల్లి బొక్క, ఎవరో మూలుగ పీల్చి పడేసిన ఎముక, దొర్లివెళ్ళి ఆఫీసరు బూటుకు తగిలి ఆగింది. ఆయన శాకాహారి.

జీపు కదిలిందో లేదో కొమురెల్లి కోపంతో ఊగుతూ ఆఫీసులోకి వచ్చాడు.

"లింగమూర్తీ, ఆ కట్టయ్యను ఇయ్యాల్నే తీసెయ్యి. కాయితం రాయి, సంతకం పెడత."

లింగమూర్తి నోరు తెరిచాడు. అదే ఒక వింత.

"అట్ల ఒక్కసారే తీసేస్తె కాయిదా కాదన్నా. ముందుగాల సంజాయిషీ అడగాలె. కోర్సుల గట్లనే ఉన్నది."

కోర్సంటే కొమురెల్లికి భయం. అందులో ఏముందో తెలియదు కనుక. సరేనన్నాడు.

మర్నాడు పొద్దున కట్టయ్యకు నోటీసు అందింది. కట్టయ్యకు చదువు రాదు. కాబట్టి మధ్యాహ్నం లింగమూర్తే వెళ్ళి గేటు దగ్గర కూర్చుని, తను రాసిన నోటీసు తనే చదివి వినిపించి, జవాబు కూడా తనే రాయడం మొదలుపెట్టాడు. జంపఖానాలు ఎందుకిచ్చావని అడిగాడు.

"అడిగిండ్రు, ఇచ్చిన," అన్నాడు కట్టయ్య. "దీంట్ల రాసేదేమున్నది?"

లింగమూర్తి దాన్ని, 'సరుకు గట్టిదనమును బహిరంగముగా పరీక్షించు సదుద్దేశముతో' అని రాశాడు. వేలిముద్ర వేయించుకున్నాడు. తెల్లవారి ఆఫీసుకొచ్చి, ఆ జవాబు ఏమీ బాగాలేదని తనే తప్పుబట్టి రెండో నోటీసు రాశాడు. దానికి జవాబు, ఆ జవాబుకు వివరణ, వివరణకు మెమో. అన్నిటి మీదా కొమురెల్లి సంతకం పెట్టాలి. ఒకచోట బొక్క మేకదో పొట్టేలుదో తేల్చవలసి ఉన్నదని రాస్తే నేను బయటికి వెళ్ళి నవ్వుకుని వచ్చాను. వాడంతా అదే కథ. మగ్గాల మీద కూడా లింగమూర్తి ఉత్తరాలను వల్లించి నవ్వుకునేవారు. ఆ సంబరంలో కట్టయ్య నౌకరీ సంగతి అందరూ మరచిపోయారు.

వానలు వెనకబట్టాయి. దసరా దగ్గరపడింది. ఆఫీసరు బదిలీ అయ్యాడు, హాస్టలు సరుకూ వెళ్ళిపోయింది. ఒకరోజు సంతకానికి పెట్టిన కాగితాన్ని కొమురెల్లి అవతలికి నెట్టేశాడు.

"ఇంక నడుస్తాందా ఈ లొల్లి? బొక్క సంగతి నేనే మర్శిపోయిన, నువ్వు మర్వవా? వాన్ని ఉండనియ్యి. మల్ల కాయితం తెచ్చినవంటె నిన్ను తీసేస్త."

ఆ సాయంత్రం చాయ్ హోటల్లో నేను లింగమూర్తిని పట్టుకున్నాను. ఒక వాచ్‌మన్‌ను తీసెయ్యడానికి వానాకాలమంతా రాసి, చివరికి తీసెయ్యనైనా లేదు, ఆ ఢిల్లీవాళ్ళు నీకు నేర్పింది ఇదేనా అని ఎత్తిపొడిచాను. ఆయన అటూ ఇటూ చూసి, కాగితం లేకుండానే మాట్లాడాడు.

"కోర్సుల మొట్టమొదటి పాఠం ఏందో ఎరుకేనా? చెప్పేది ఒక్క ముక్కల చెప్పాలె. ఒక్క ముక్కల రాస్తె ఆయన ఆ దినమే సంతకం పెడుతుండె. సమ్మమ్మ గిన్నెలు రోడ్డు మీద పడుతుండె. కొమురెల్లన్న మనిషి మంచోడే, కోపమే తొందరది. అది సల్లారెదాక ఏదో ఒకటి రాసుకుంట కూసున్న."

ఈ మనిషినా నేను ఇన్నాళ్ళు వెటకారం చేసింది అనిపించి, నిజంగా సంతోషం వేసింది.

అంతలో కట్టయ్యే మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి మా బల్ల దగ్గర కూలబడ్డాడు. లింగమూర్తి వైపు చూడనైనా చూడకుండా నాతో చెప్పుకున్నాడు.

"జర ఈయనకు చెప్పు సారూ. వానకాలమంత నన్ను కాయితాలతోటి సతాయించిండు. ఏలిముద్రలు ఏసి ఏసి ఏలు కాయగాసింది. అధ్యక్షుడే దేవుడసొంటోడు, మాఫ్ జేసిండు. ఇంటింటికి పోయి అదే చెప్తాన."

నేను నోరు తెరవబోతే లింగమూర్తి బల్ల కింద నా కాలు తొక్కాడు. కట్టయ్య చాయ్ తాగి, ఆయనను ఇంకో నాలుగు తిట్లు తిట్టి గేటు దగ్గరికి పోయాడు. ఎందుకు చెప్పనివ్వలేదని గట్టిగానే అడిగాను.

"తిట్టనీ. కొమురెల్లన్న దేవుడని వాడంత చెప్పుకుంట తిరుగుతాండు గద," అన్నాడు లింగమూర్తి, సాసర్లో పోసుకున్న చాయ్ ఊదుకుంటూ. "ఇంతమంది దేవుడన్నంక ఆయన వీన్ని మల్ల ఎట్ల తీసేస్తడు?"