బలం గోలీలు

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సూర్యాపేటలో ఒంటరిగా ఉన్నప్పుడు కాళ్ల నొప్పులకని క్యాల్షియం గోలీలు తోచినన్ని మింగేదాన్ని. అడిగేవాళ్లూ లేరు. ఓరోజు మిర్యాలగూడ బస్సులో మింగుతుంటే పక్కసీటు పెద్దమ్మ, "ఏం గోలీ బిడ్డా?" అంది.

"బలానికి."

"నేను గూడ గట్లనే అనుకున్న. బలం గోలీలే గదా, ఎన్ని మింగితే గంత బలమని పొద్దుగాల, మాపటికి మింగిన. కిడ్నీల రాళ్లయినయ్. గిప్పుడు దవాఖానకే పోతున్న. నీకెవరు రాసిండ్రు?"

ఎవరూ రాయలేదన్నాను. కొన్నాళ్లుగా నాకూ నడుం పక్కన పోటు వస్తోందని చెప్పడానికి నోరు రాలేదు. చెయ్యి మాత్రం అక్కడికే పోయింది. ఆమె చూసింది.

దవాఖాన దగ్గర బస్సు ఆగాక, లేచి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు గూడ దిగు బిడ్డా. నాకు గూడ తోడెవ్వరు లేరు."