కుమారస్వామి మూసిన గాలి

చిక్కడపల్లిలో ఏ పాత మేడ ఎక్కినా వడ్రంగి కుమారస్వామి చేతిపని కనిపిస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆయన పెద్ద గదులను ప్లైవుడ్‌తో చిన్న గదులుగా కోస్తున్నాడు. సర్కారు కొలువు కోసం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఆ పలకల వెనక దీపాల్లా కూర్చుని చదువుతుంటారు.

ఆ మే నెలలో జగదీశ్వర్ రీడింగ్ హాలు మూతపడే స్థితికి వచ్చింది. కప్పు పొయ్యిమీది పెనంలా కాలుతోంది. రెండు ఏసీలూ కలిసి నడిస్తే ఫ్యూజు పోతోంది. పరీక్ష పద్దెనిమిది రోజుల్లో ఉంది. అక్కడ చదివే నలభైమందిలో కుమారస్వామి కూతురు నవనీత ఒకతి.

జగదీశ్వర్ పిలిపించిన ఇంజినీరు రాగిణి, వేడిని రంగుల్లో చూపే కెమెరా తెచ్చింది. తెరమీద కప్పంతా మోదుగుపూలు పూసింది. పైన తెల్ల పూత వేద్దాం, కానీ లోపల పోగైన వేడి రాత్రిపూట బయటికి పోయే దారి ఏదని అడిగింది. అది లేకపోతే హాలు మూయక తప్పదంది.

పలకల పనికని జగదీశ్వర్ పిలిస్తే వచ్చి అక్కడే నిలబడ్డ కుమారస్వామికి ఆ దారి తెలుసు. హాలు జగదీశ్వర్ చేతికి రాకముందు, కొత్తగా ఏసీలు బిగించిన ఏడాది, పావురాలు రాకుండా, చల్లదనం పోకుండా గోడల పైఅంచు వెంటిలేటర్లన్నీ ప్లైతో మూసి రంగేసింది ఆయనే. అతుకు కనబడలేదని అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఆ అతుకే ఇప్పుడు పిల్లల చదువుకు అడ్డం పడింది.

మూలన నవనీత చున్నీతో మెడ తుడుచుకుని పేజీ తిప్పింది.

ఆయన నిచ్చెనెక్కి వేలి కణుపుతో గోడ తట్టుకుంటూ పోయాడు. ఒకచోట బోలుగా పలికింది.

“ఈడున్నయి మేడమ్. మూసింది నేనే.”

“గిన్ని దినాలు చెప్పకపోతివి కుమారన్నా,” అన్నాడు జగదీశ్వర్.

“మంచిగ చేసిన అనుకున్న సార్.”

రాగిణి తిట్టలేదు. మూసిన చేతులే తెరవాలంది.

మూడు రోజుల్లో వెంటిలేటర్లకు పావురాలు రాకుండా జాలీ, తెరిచి మూసే రెక్కలు వచ్చాయి. పైనుంచి గాలి ఆడేలా అడ్డుపలకల తలలు మూరెడు తగ్గాయి. కప్పు తెల్లబడింది. నాలుగోనాడు మధ్యాహ్నం రెక్కలు మూస్తే ఒక్క ఏసీ చాలింది. ఫ్యూజు పోలేదు. పొద్దుగూకాక రెక్కలు తెరిచారు. ఇన్నేళ్లూ బయటే నిలబడ్డ గాలి లోపలికొచ్చి అన్ని పుస్తకాలనూ ఒక్కసారిగా తిరగేసింది.

“బాపు, పేజీలు ఆగుతలేవు. జర ఏమన్న బరువియ్యి,” అంది నవనీత.

అడ్డుపలకల తలలు కోసిన చెక్క ముక్కలు సంచిలోనే ఉన్నాయి. కుమారస్వామి వాటి అంచులు నున్నగా గీకి, ఒక్కో బల్లమీద ఒక్కోటి పెట్టుకుంటూ వెళ్లాడు.