బైబిల్లో దాచిన హిందీ చీటీ

మా చిన్నప్పుడు... సముద్రం మధ్య మా దీవిలో, డాలీగంజ్‌లో మా తెలుగు చర్చికి రేకుల కప్పు ఉండేది. వాన అందుకుందంటే పాస్టరయ్యగారు ప్రసంగం ఆపేయాల్సిందే. ఆ మోతలో పక్కవాళ్ళ మాట కూడా వినపడేది కాదు.

"ఎవరి లోపలికి వాళ్ళు వెళ్ళి కూర్చోండి. ఆయన అక్కడే ఉంటాడు" అని వాన ముదిరేలోగా గట్టిగా చెప్పి, ఆయన కళ్ళు మూసుకునేవారు. వాన తగ్గేదాకా అందరిదీ మౌన ప్రార్థనే. నేను మాత్రం ఒక కన్ను తెరిచి ఎవరు ఏ రిబ్బను కట్టుకొచ్చారో చూసుకునేదాన్ని... లోపల కూర్చోవడం ఎవరిక్కావాలి?

ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. తెలుగు గలగలా మాట్లాడేదాన్ని గానీ అక్షరం ముక్క రాదు. మా చర్చి పిల్లల్లో చాలామంది అంతే. ఒక్క రత్నానికి మాత్రం వచ్చు. చేపల గంప మోసే మార్తమ్మ కూతురు. వైజాగ్ ఓడలో వచ్చే చింతపండు పొట్లాల కాగితాలు విప్పి, దాచుకుని, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి అక్షరాలు కూడబలుక్కుంది.

ఆ ఏడు చర్చి వార్షికోత్సవానికి పిల్లల్లో ఒకరు వాక్యం చదవాలన్నారు. దేవుడు గుడి గోడల్లో కాదు, మనిషి లోపలే ఉంటాడని చెప్పే భాగం. వారం గడువిచ్చి, ఎవరు బాగా చదివితే వాళ్ళేనన్నారు అయ్యగారు.

నాకు తెల్లగౌను మీద మోజు. వాక్యం చదివే పిల్లకు కొత్త గౌను కుట్టించక తప్పదుగా! కంఠతా పడతానని చెప్పి నాయనమ్మ చేత ఆ భాగం మెల్లగా చదివించుకున్నాను. ఆవిడ చదువుతుంటే హిందీ అక్షరాల్లో చీటీ మీద రాసుకున్నాను. ఆ చీటీని బైబిల్లో పెట్టేశాను.

పోటీ రోజు ముందు రత్నం చదివింది. వేలు అక్షరాల కింద పెట్టి, ఒక్కొక్కటే... మధ్యలో ఒక మాట దగ్గర ఆగిపోయింది.

"అరే, దీని గాడీ స్టార్టే అవ్వట్లేదు యార్! ధక్కా మారో, తోయండి!" అన్నాను.

పిల్లలంతా గొల్లున నవ్వారు. రత్నం తల ఎత్తలేదు. ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా చదివింది. తర్వాత నేను లేచి చీటీ చూసి గడగడా చదివేశాను. అయ్యగారు నా తల నిమిరారు.

వార్షికోత్సవం నాడు తెల్లగౌను వేసుకుని చదివాను. చదివి కూర్చున్నానో లేదో, వాన. "లోపలికి వెళ్ళండి" అన్నారు అయ్యగారు.

ఆ రోజు మొదటిసారి రెండు కళ్ళూ మూసుకున్నాను. మూసుకోగానే రత్నం వేలు కనిపించింది. ఎవరూ తిట్టలేదు. ఎవరూ చూడలేదు కూడా. కానీ లోపల ఎవరో ఉన్నారని స్పష్టంగా తెలిసింది... వాళ్ళకు చీటీ సంగతి మొత్తం తెలుసని కూడా. దేవుడు ఎక్కడో పైన ఉంటాడని అంతవరకూ ధైర్యంగా ఉన్నదాన్ని. ఇంత దగ్గరుంటే ఎక్కడికి పారిపోను? సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

వాన తగ్గాక రత్నమే నా దగ్గరకొచ్చింది. "ఎంత బాగ సదివినావే! నాకూ అలాగ గబగబా సదవడం నేర్పవా?" అంది.

పరిగెత్తుకెళ్ళి నాయనమ్మ ఒళ్ళో పడి అంతా చెప్పేశాను. ఆవిడ కొట్టలేదు.

"లోపట గుచ్చుతుందేటి? ఆయన నీలో లేకపోతే గుచ్చినోళ్ళు ఎవలే? ఉన్నాడు కాబట్టే. ఎల్లి దానితో సెప్పీ" అంది.

వెళ్ళాను. చెప్పలేకపోయాను. "నేర్పుతా, చల్... రోజూ కలిసి చదువుదాం" అన్నాను. రత్నం వేలు పెట్టి చదువుతుంటే పక్కన పెద్ద టీచరమ్మలా తలూపుతూ, ఆ వేలి వెంట నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ ధారాళంగా వచ్చేసింది. "నీ దయ వల్లేనే" అని రత్నం వాళ్ళమ్మ చేత మా ఇంటికి రెండు సూరచేపలు పంపించింది. అవి తిన్నాను కూడా... ఆ ముద్ద ఇంకా గొంతు దిగలేదు.

తర్వాత రత్నం పెళ్ళి చేసుకుని ఓడెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ కలవలేదు.

ఇప్పుడు మా చర్చికి స్లాబు వేశారు. వాన పడినా తెలియదు, ప్రసంగం ఆగదు. తెలుగు పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో గోడ మీద తెర నిండా పడతాయి, పిల్లలు హాయిగా చూసి పాడతారు. పాడనివ్వండి, అందులో తప్పేముంది? ఆనాడు కూడా తప్పు హిందీ అక్షరాలది కాదు. అక్షరాలు వచ్చినదాన్ని చూసి, అక్షరం ముక్క రాని నేను నవ్వాను.

మీ లోపల కూడా ఇలా ఎవరైనా కూర్చుని మిమ్మల్ని ఊరకే చూస్తున్నారా? ఉంటే కింద రాయండి... నాకు కాస్త తోడుగా ఉంటుంది.

రత్నం, ఇది నీ కంట పడితే, నేను నీకేమీ నేర్పలేదే. ఈ పోస్టులో ప్రతి అక్షరమూ నువ్వు నేర్పిందే.