మూడు భాషల బంతి భోజనం

ఎర్రిస్వామికి లోకంలో ఒకే ఒక్క పిచ్చి: వెబ్‌సైట్లో ఏ కబురు పెట్టినా తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడూ ఒకేసారి పెట్టాలి. ఒకటి వెనకబడితే మిగతా రెండూ చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. అది వాన కబురైనా సరే, వాన వచ్చి వెలిసిపోయినా సరే.

రెండువేల ఆరులో కదిరి రైతుసంఘం వెబ్‌సైటుకు హేమలత కొత్త పెద్ద. ఇంగ్లీషు ఆమె రాసేది, తెలుగు ఎర్రిస్వామి రాసేవాడు. కన్నడం మాత్రం చిలమత్తూరు బస్సు కండక్టరు నాగన్న టికెట్లు కొడుతూ రాసుకొచ్చేవాడు. బస్సు పంక్చరైతే వెబ్‌సైటూ ఆగిపోయేది.

“తెలుగన్నా పెట్టెయ్యయ్యా, కన్నడం రేపు చూద్దాం,” అనేది హేమలత.

“బంతిలో అందరి ఆకుల్లో అన్నం పడందే తొలిముద్ద ఎత్తుతామా మేడమ్?”

“ఇది వెబ్‌సైటయ్యా, పెండ్లి కాదు!”

“ఆకలి ఒకటే గదా మేడమ్.”

ఒకసారి ఆమెకు జ్వరమొచ్చి ఇంగ్లీషు ఆలస్యమైంది. ఎర్రిస్వామి బ్రెడ్డు పట్టుకుని ఇంటికొచ్చాడు. పరామర్శకు వచ్చాడని ఆమె మురిసేలోగా, “నాలుగు ముక్కలు చెప్పండి మేడమ్, రాసుకుంటా,” అన్నాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం కబురొచ్చింది. మరునాడు పొద్దున చిలమత్తూరులో వేరుశనగ విత్తనాలు పంచుతారట. ఉన్నవి కొన్ని మూటలే. తెలుగూ ఇంగ్లీషూ సిద్ధం. నాగన్న బస్సు జాడ లేదు.

“ఇప్పుడే పెట్టాల. ఇది నా ఆర్డరు!”

“కరెంటు పోయింది మేడమ్.”

“ఫ్యాను తిరుగుతాండాది గదయ్యా!”

“అది వేరే ఫేజు మేడమ్,” అంటూనే మౌసు ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు నాగన్న దిగాడు. మూడు భాషలూ కలిసి వెబ్‌సైటెక్కాయి. చిలమత్తూరు ఇంటర్నెట్ సెంటరు తిప్పయ్య రోజూలాగే వాటిని ప్రింటు తీసి గోడకు అంటించాడు.

కన్నడం చదివేవాళ్లు అసలున్నారో లేదో తేల్చుకుందామని మర్నాడు హేమలత మండుతూ చిలమత్తూరు వెళ్లింది. విత్తనాల వరుసలో ముందున్న తిమ్మమ్మను పలకరించింది. తిమ్మమ్మ కర్ణాటక సరిహద్దు అవతలి నుంచి కోడలిగా వచ్చిన మనిషి. తెలుగు మాట్లాడగలదు, చదవడం రాదు.

“నీకెట్ల తెలిసిందమ్మా?”

“గోడ మీది కన్నడం సదువుకున్న్యా. మా మాదిరి ఆపక్కనుంచి వచ్చిన కోడండ్లకంతా సెప్పినా. పోయినేడు తెలుగు ఒకటే ముందేసినారు. మాకు తెలిసి వచ్చేతలికి ఈడ ఉత్త గోతాలు దులుపుతాండ్రి. అది సూసి ఎర్రిస్వామన్న, తన సేనికి పెట్టుకున్న్య ఇత్తనాలు మాకు పంచేసినాడు. ఆయన సేను బీడు పడింది. ఇంగ ముందొకరికి, ఎనకొకరికి లేదని ఆ పొద్దే ఒట్టు పెట్టుకున్న్యాడు.”

హేమలతకు మనసు నిండిపోయింది. ఎర్రిస్వామి ఈ ఒక్క మాట చెప్పి ఉంటే తన నోరు మూతపడేది. అది చెప్పకుండా ఫేజుల కథ చెప్పిన మనిషి మీద కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

“నువ్వేం జేస్తావమ్మా ఆ ఆఫీసులో?” అడిగింది తిమ్మమ్మ.

“ఇంగ్లీషు రాస్తాను.”

“దాన్నెవురు సదువుతారు?”

హేమలత వరుసను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. ఒక్కరూ దొరకలేదు.

“పర్వాల్యేదులేమ్మా,” అని తిమ్మమ్మ ఆమె చెయ్యి నిమిరింది. “ఎవురూ సదవకపోయినా, ఎర్రిస్వామన్న నిన్ను మాత్రం ఎనక ఇడిసిపెట్టి పోడు.”

హేమలత అంతమందిలో పకపకా నవ్వేసింది.