నెమళ్ళ కంప్యూటర్

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే స్క్రూడ్రైవర్‌తో విప్పి లోపల ఏముందో చూడగలిగిన వస్తువు. స్పీడు చాలకపోతే ఇంకో ర్యామ్ ముక్క గుచ్చేవాళ్ళం, ఫ్యాను మొరాయిస్తే కొత్తది బిగించేవాళ్ళం. ఇప్పుడన్నీ జిగురు పెట్టి అతికించేసి, అప్పడంలా పల్చగా చేసి అమ్ముతున్నారు. ఏది పాడైనా "బోర్డు మొత్తం పోయింది మేడమ్, కొత్తది తీసుకోవడమే బెటర్" అంటారు. అంత పల్చగా ఉండి ఎవరిని ఉద్ధరించాలో నాకింతవరకూ ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం విప్పడానికి వీల్లేని కంప్యూటర్ని ఇంట్లోకి రానివ్వను. (మావారు దీన్ని జబ్బంటారు. ఆయన ఫోనులో బ్యాటరీ మార్చింది నేనే.) ఈ జబ్బు ముదిరింది నా ఇరవై నాలుగో ఏట.

అప్పట్లో బెజవాడలో ఒక ఆర్కిటెక్టుగారి దగ్గర, కట్టబోయే భవనాలకి రంగుల బొమ్మలు తయారుచేసే ఉద్యోగం నాది. ఆఫీసు కంప్యూటర్లు ఒక్కో బొమ్మకి ఒక పూటంతా మింగేసేవి. అందుకని విడిభాగాలు కొనుక్కుని నా కంప్యూటర్ నేనే కట్టుకుంటానని ఇంట్లో ప్రకటించాను. షాపుకి తోడుగా మా బాబాయ్ వచ్చాడు. ఆటోనగర్‌లో ఆయనకి లారీ స్పేర్ పార్టుల కొట్టుండేది. దానివల్ల బోల్టు ఉన్న ప్రతి వస్తువు మీదా ఆయనకొక అభిప్రాయం కూడా ఉండేది. షాపులో ప్రశ్నలు అడుగుతున్నది నేను, సేల్స్‌మన్ జవాబులు చెబుతున్నది బాబాయ్‌కి.

"అమ్మాయిగారికి లాప్‌టాప్ ఇప్పించండి సార్. లైట్ వెయిట్. వంకాయరంగు కూడా వచ్చింది."

"నాకు పెద్ద గ్రాఫిక్స్ కార్డు పట్టే క్యాబినెట్ కావాలండీ," అన్నాను.

"అది గేములాడుకునే మగపిల్లలకి సార్," అన్నాడు, మళ్ళీ బాబాయ్‌తోనే.

నేను బయటికొచ్చేశాను. బాబాయ్ వెనకాలే వచ్చి, "వాడు చెప్పింది వినవే అమ్మాయ్. కంపెనీదైతే గ్యారంటీ ఉంటది," అన్నాడు.

"మరి నువ్వు లారీ కొన్నప్పుడు ఛాసిస్ ఒకచోట కొని బాడీ ఇంకోచోట ఎందుకు కట్టించావ్ బాబాయ్? అప్పుడు గ్యారంటీ గుర్తు రాలేదా?"

ఆయన స్కూటర్ మీద పటమట దాకా వచ్చాం. అక్కడ బండాపి, "సరే, కట్టుకో. నడవకపోయిందా, ఆ వంకాయరంగుదే కొనిపెడతా. నోరు మూసుకుని వాడుకోవాలి," అన్నాడు. సరేనన్నాను. సామాను వేరే షాపులో కొని, భోజనాల బల్ల మీద పరిచి (ఆవకాయ జాడీ పక్కన ఇనుపసామాను పెట్టానని అమ్మ ఇప్పటికీ అంటుంది) సాయంత్రానికల్లా బిగించేశాను. అది వెలిగింది కూడా.

ఆ ఉత్సాహంలో మా బాస్‌గారి దగ్గర గొప్పలు పోయాను. అప్పుడు ఆఫీసుకి హనుమాన్ జంక్షన్‌లో కట్టే ఒక ఫంక్షన్ హాల్ పని వచ్చింది. బొమ్మలు చూపించడం కాదు, తెర మీదే హాలు చుట్టూ తిప్పి చూపిస్తాను, నా కంప్యూటర్ అయితే చెయ్యగలదు అన్నాను. "తీసుకురామ్మా. కానీ హాలు కట్టించుకునే పార్టీ ముందు ఆగిపోయిందంటే ఇంక నువ్వూ రానక్కర్లేదు," అన్నారాయన నెమ్మదిగా. ఆయన కోపం ఎప్పుడూ నెమ్మదిగానే ఉండేది.

మే నెల బెజవాడ ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. గట్టిగా పని చెప్పేసరికి నా కంప్యూటర్ వేడెక్కి టప్‌మని ఆగిపోవడం మొదలుపెట్టింది. టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పితే, "దానికి ఫ్యానూ, మాకు విసనకర్రా?" అంది అమ్మ. వంకాయరంగు కళ్ళముందు కనబడసాగింది. కానీ ఆ సేల్స్‌మన్ దగ్గరికి మళ్ళీ వెళ్ళేది లేదు. క్యాబినెట్ పెట్టెకి పక్కరేకు ఊడదీసి, ఫ్యాను పట్టేంత గుండ్రటి కన్నం పెట్టించమని బాబాయ్‌కిచ్చాను. ఆయన దాన్ని లారీ బాడీలు కట్టే షెడ్డులో ఇచ్చొచ్చాడు.

పార్టీ వచ్చే రోజు పొద్దున రేకు తిరిగొచ్చింది. కన్నం చక్కగా ఉంది. దానికి అటొకటి ఇటొకటి నెమలి. పైన "అమ్మ దీవెన". కింద పసుపుపచ్చ అక్షరాల్లో "సౌండ్ హారన్".

"ఇదేంటి బాబాయ్!"

"బోడిగా ఉందని పెయింటర్ ముచ్చటపడి వేశాడే. ఊరికే వేశాడు," అంటూ ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళవి.

చెరపడానికి టైము లేదు. బిగించి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళాను. బాస్‌గారు "సౌండ్ హారన్" దాకా చదివారు. "దాన్ని గోడవైపు తిప్పమ్మా."

"గాలాడదండీ."

"పోనీ ఏదన్నా గుడ్డ కప్పు."

"కప్పితే ఆగిపోతుందండీ. అది ఇలాగే ఉంటుంది. వద్దంటే తీసుకుని వెళ్ళిపోతాను."

ఆయన ఇంకేమీ అనేలోపే పార్టీ వచ్చేశారు. కంకిపాడు వైపు రైతు, రైస్ మిల్లులు కూడా ఉన్నాయి. వెంట ఆయన భార్య. హాలు లోపలికీ బయటికీ తిప్పి చూపించాను. ఎక్కడా ఆగలేదు. మా బాస్‌గారికి అలంకారాలంటే గిట్టదు. బూడిదరంగు గోడలు, నున్నటి అద్దాలు, అంతే. రైతుగారు తలాడిస్తూనే ఉన్నారు గానీ, ఆవిడ చూపు మాత్రం తెర మీద లేదు.

"ఏవండీ, హాలు బాగానే ఉంది గానీ ఆస్పత్రిలా లేదూ?" అందావిడ. తరువాత నా కంప్యూటర్ వైపు వేలు చూపించి, "ఆ నెమళ్ళు చూడండి ఎంత కళగా ఉన్నాయో! గేటుకి అటూ ఇటూ అలాంటివి పెట్టించండి," అంది.

"అవునండీ, అవి పెట్టేయండి," అన్నారు రైతుగారు.

బాస్‌గారు నావైపు చూశారు. నేను తెరవైపు చూశాను. "అలాగే అమ్మా," అన్నారాయన, ఎప్పటికంటే చాలా నెమ్మదిగా. ఆ నెమళ్ళ డ్రాయింగు వెయ్యడం నాకే పడింది. వేశాను, తోకల్లో ఒక్క ఈక తగ్గించకుండా. ఆయన నన్ను రావద్దనలేదు. మరో నాలుగేళ్ళు అక్కడే పనిచేశాను. బాబాయ్ వంకాయరంగు ఊసెత్తడం మానేసి, కొట్టుకొచ్చినవాళ్ళందరికీ "మా అమ్మాయి కంప్యూటర్‌కి బాడీ కట్టించింది నేనే" అని చెప్పుకున్నాడు.

ఇప్పుడు నేను ఒక మౌస్ కొనాలన్నా నలుగురి అభిప్రాయాలు చదువుతాను, ఆఫర్ వస్తుందేమోనని వారం ఆగుతాను, చివరికి పాతదే తుడిచి వాడుకుంటాను. అంతంత మాత్రం జీతంతో, చెమటలు కక్కుతూ, పెద్దాయన ఎదురుగా నిలబడి "ఇలాగే ఉంటుంది" అన్న ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. ఎంత పొగరో దానికి! దగ్గరికి పిలిచి రెండు చీవాట్లు పెడదామనిపిస్తుంది. పెట్టబోయి, నవ్వొచ్చి, కాసిని మజ్జిగ ఇచ్చి కూర్చోబెడతాను.